డెబ్బై అయిదు రోజుల ఫ్లెక్సీ

గుంటూరు,
5 నవంబరు 2025, బుధవారం

బాబాయికి,

మొన్న సోమవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మన ఊరి సెంటర్లో ఒక ఫ్లెక్సీ కట్టారు. దాని మీద పదహారేళ్ల పిల్లవాడి ఫోటో, పేరు, తండ్రి పేరు, చదివే కాలేజీ పేరు ఉన్నాయి. "75 రోజులుగా గంజాయికి దూరం. మత్తును జయించిన మన ఊరి బిడ్డకు అభినందనలు" అని ఉంది. కింద మా ట్రస్టు క్లినిక్ పేరు కూడా వేశారు. ఏడున్నరకల్లా ఆ ఫ్లెక్సీ ఫోటో నా ఫోనుకి నలుగురు పంపారు. అందులో ఇద్దరు నాకు శుభాకాంక్షలు చెప్పారు.

ఆ పిల్లవాడు మా దగ్గరికి వస్తాడో రాడో నేను చెప్పను. నువ్వు అడగకు. మత్తుకు అలవాటుపడిన పిల్లలకు వైద్యం చెయ్యడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. ఎవరి గురించి ఎవరు అడిగినా నా జవాబు అదే. పోలీసులకూ అదే చెప్పాను, ఒక ఎమ్మార్వో గారికీ అదే చెప్పాను.

కానీ ఎవరో ఒకరు ఏదో చెప్పకుండా ఆ ఫ్లెక్సీ పడదు. మా దగ్గర పిల్లల రికార్డులు చూసేది ముగ్గురం. నేను, కౌన్సెలర్ శిల్ప, రికార్డుల గదిలో పనిచేసే యేసుపాదం గారు. యేసుపాదం గారిది మన పక్క ఊరు. నిన్న ఆయన్ని రికార్డుల గదిలోంచి తీసి గేటు దగ్గర టోకెన్లు ఇచ్చే పనిలో వేశాను. పంతొమ్మిదేళ్ల సర్వీసున్న మనిషి. తాళాలు టేబులు మీద పెట్టి వెళ్లాడు. ఎందుకని అడగలేదు.

నువ్వు ముప్పై ఒక్కేళ్లు రిపోర్టరువి. ఊళ్లోనే ఉన్నావు. ఎవరు చెప్పారో కనుక్కుని రాయి. ఫోను చెయ్యకు, ఎత్తను. నోటిమాట ఎంత దూరం పోతుందో ఈ మూడు రోజుల్లో చూశాను. నేను హాస్టల్లో చదివిన రోజుల నుంచీ మనకు ఉత్తరాల అలవాటు ఉంది. ఇప్పుడు అదే పనికొస్తుంది.

శ్రీరమ్య


ఈదులగుంటపాలెం,
8 నవంబరు

అమ్మాయ్ శ్రీరమ్యా,

నీ ఉత్తరం నిన్న అందింది. తెలిసినంతవరకు రాస్తున్నాను.

ఫ్లెక్సీ పొడవు పది అడుగులు, ఎత్తు ఆరు. వేయించింది సర్పంచి భర్త జయరావు, గ్రామ మత్తు వ్యతిరేక కమిటీ పేరు మీద. మొత్తం పదకొండు ముఖాలున్నాయి. పది కమిటీ వాళ్లవి, నాతో కలిపి. నేను గౌరవ సలహాదారుని కాబట్టి కుడివైపు చివర నేనూ ఉన్నాను. ఫ్లెక్సీ వేస్తున్నట్టు నాకు ముందు తెలియదు. మధ్యలో చైతన్యకృష్ణ. వాడి ఫోటో నిరుడు జిల్లా కబడ్డీ పోటీల్లో తీసిన గ్రూపు ఫోటోలోంచి కత్తిరించారు. పక్కవాడి చెయ్యి ఇంకా వాడి భుజం మీదే ఉంది.

ఆ రోజు కార్తీక సోమవారం. పెదకాకాని గుడికి వెళ్లేవాళ్లతో సెంటరు నిండి ఉంది. చైతన్య వాళ్లమ్మ కూడా ఎనిమిది గంటల బస్సు కోసం నిలబడి ఉంది. ఫ్లెక్సీ కట్టేటప్పుడు తాడు అందలేదని ఒకతన్ని ఆమె పక్కనున్న బల్ల మీదికే ఎక్కించారు.

ఏడూ నలభైకి వాడి తాత చెంచురామయ్య పాల క్యానుతో వచ్చాడు. నేను జాన్ బాషా టీ బంకు దగ్గర ఉన్నాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

"ఏందిరా, మావాడి బొమ్మ? ఫస్టు వచ్చాడా?" అన్నాడు.

ఆయనకు అద్దాలు లేకపోతే అక్షరాలు ఆనవు. ట్రాక్టరు డ్రైవరు కోటి టీ తాగుతున్నాడు. "చదవరా కోటీ" అన్నాడు.

"కబడ్డీకి సన్మానం తాతా" అన్నాడు కోటి.

జయరావు అక్కడే ఉన్నాడు. "కబడ్డీ ఏందిరా, ఉన్నది చదువు. ఇందులో సిగ్గేముంది? గంజాయి మానేశాడు మామా నీ మనవడు. ఊరికే పేరు తెచ్చాడు" అన్నాడు.

చెంచురామయ్య పాల క్యాను కింద పెట్టాడు. "మానెయ్యాలంటే ముందు తాగుండాలి కదరా" అన్నాడు. మళ్లీ క్యాను ఎత్తుకుని వెళ్లిపోయాడు. వాళ్లింట్లో తల్లికి తప్ప ఎవరికీ తెలియదట.

మధ్యాహ్నం ఒంటిగంటకు గుంటూరు నుంచి కాలేజీ హాస్టలు వాళ్లు తండ్రి వీరబాబుకి ఫోను చేశారు. మిగతా పిల్లల తల్లిదండ్రులు అడుగుతున్నారు, సామాను తీసుకెళ్లమన్నారు. సాయంత్రానికి చైతన్య ఇంటికొచ్చాడు. మంగళవారం నుంచి ఊళ్లో లేడు. ఎక్కడున్నాడో కావాలంటే రాస్తాను. ఫ్లెక్సీ గురువారం దించారు.

కమిటీకి ఈ సమాచారం అక్టోబరు 26న జరిగిన సమావేశంలో వచ్చినట్టు తెలుస్తోంది. ఎవరి ద్వారా వచ్చిందన్నది ఇంకా నిర్ధారణ కాలేదు. యేసుపాదం విషయంలో తొందరపడకు.

బాబాయి
సీతారామాంజనేయులు


గుంటూరు,
12 నవంబరు

సీతారామాంజనేయులు గారికి,

మీరు ఆ పిల్లవాడి పేరు రాశారు, ఒకసారి కాదు, మూడుసార్లు. ఇక రాయకండి. ఊరంతా చూసిన పేరే కదా అంటారేమో. ఊరంతా చూసింది కాబట్టే రాయకండి. ఎక్కడున్నాడో కూడా నాకు చెప్పకండి.

"వచ్చినట్టు తెలుస్తోంది", "నిర్ధారణ కాలేదు" అని రాశారు. ఆ తాత పాల క్యాను ఎప్పుడు కింద పెట్టాడో, ఎప్పుడు ఎత్తాడో రాసిన మనిషి, సమావేశంలో ఎవరు మాట్లాడారో రాయలేదు. ఎవరు చేశారో చెప్పకుండా వార్త రాశారంటే, రాసినవాడికి ఎవరో తెలిసే ఉంటుందని నాకు పదేళ్లప్పుడు పేపరు చదివి వినిపిస్తూ మీరే చెప్పారు.

మీకు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి.

ఏ పిల్లవాడు వచ్చినా మొదటి రోజు నేను ఒక మాట చెప్తాను. "ఇక్కడ నువ్వు చెప్పింది ఈ గది దాటదు. నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటే తప్ప. అప్పుడు కూడా ముందు నీకు చెప్పాకే ఇంకొకరికి చెప్తాను." ఆ మాట విన్నాక కూడా చాలామంది మొదటి రెండుసార్లు అబద్ధమే చెప్తారు. మూడోసారో నాలుగోసారో నిజం వస్తుంది. ఏ మందైనా పనిచేసేది ఆ తర్వాతే. ఆ మాట పోతే నా దగ్గర మిగిలేది చీటీ, బిళ్లలు.

ఫ్లెక్సీ మీద వేసిన అంకె గురించి నన్ను అడగకండి. కోలుకోవడమంటే రోజూ ఒక అంకె పెరగడం కాదు. మధ్యలో ఒకటి రెండుసార్లు జారతారు. అది జబ్బులో భాగం, వచ్చి చెప్తే సరిచేస్తాం. ఆ అంకెను నాలుగు బజార్ల కూడలిలో కట్టాక, జారిన పిల్లవాడు రోగి కాడు, ఊరి దృష్టిలో అబద్ధాలకోరు అవుతాడు. వాడు వచ్చి చెప్తాడా?

మత్తు వల్ల వచ్చే సమస్య కూడా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. గోప్యత రోగి హక్కు అంటుంది 23వ సెక్షను. అనుమతి లేకుండా ఫోటో, వివరాలు మీడియాకు ఇవ్వకూడదంటుంది 24. ఫ్లెక్సీ మీడియా అవునో కాదో లాయర్లు వాదించుకుంటారు. సెంటర్లో నిలబడి చూసిన తల్లికి ఆ తేడా తెలియదు.

మొన్న సోమవారం పిల్లల ఓపీకి పద్నాలుగు మంది రావాలి. అయిదుగురు వచ్చారు. రానివాళ్లు చాలావరకు వేరే ఊళ్లవాళ్లు. ఆ ఫోటో వాళ్ల ఫోన్లకూ వెళ్లింది. వచ్చిన ఒక తల్లి అడిగింది, "మావాడికి నయమైతే వాడి బొమ్మ కూడా కడతారామ్మా? అట్లయితే నయం కాకపోయినా ఫర్వాలేదు" అని. ఆమెకు ఏం చెప్పాలో జయరావు గారిని అడిగి రాయండి.

యేసుపాదం గారు ఇంకా గేటు దగ్గరే ఉన్నారు. చెప్పింది ఎవరు?

డాక్టర్ శ్రీరమ్య


ఈదులగుంటపాలెం,
15 నవంబరు

శ్రీరమ్యా,

చెప్పింది నేను. అక్టోబరు 26, ఆదివారం, సాయంత్రం అయిదుంబావు, పంచాయతీ ఆఫీసులో.

అక్టోబరు 12న నువ్వు నాకు రాసిన ఉత్తరంలో ఈ మాటలున్నాయి, ఉన్నవి ఉన్నట్టు దించుతున్నాను: "మన ఊరి నుంచి వచ్చే పదహారేళ్లవాడొకడు, నిరుడు జిల్లా కబడ్డీ ఆడినవాడు, ఇవాళ్టికి యాభై రెండు రోజులుగా దాన్ని ముట్టుకోలేదు. సోమవారం సోమవారం వాళ్లమ్మను వెంటబెట్టుకుని వస్తాడు. ఈ ఉద్యోగం మానేద్దామనిపించినప్పుడు వాణ్ని తలుచుకుంటాను."

నువ్వు పేరు రాయలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు. మన ఊళ్లో జిల్లా కబడ్డీ ఆడిన పదహారేళ్లవాడు ఒక్కడే. సోమవారం ఎనిమిది గంటల బస్సు ఎవరెక్కుతారో మా అరుగు మీద కూర్చుంటే కనపడుతుంది. ఉత్తరం మడిచేలోపే నాకు పేరు తెలిసింది. వార్త పట్టుకున్నప్పటి సంతోషం కలిగింది. అది దాచను.

ఆ రోజు కమిటీలో జయరావు జేబులోంచి అయిదు పేర్ల లిస్టు తీశాడు. "గంజాయి బ్యాచి ఇది. పోలీసులకు ఇచ్చేద్దాం. వీళ్లు మారేదీ లేదు, చచ్చేదీ లేదు" అన్నాడు. మూడో పేరు ఆ పిల్లవాడిది.

"మారరని ఎట్లా చెప్తావు?" అన్నాను.

"మారినవాణ్ని ఒక్కణ్ని చూపించండి రిపోర్టరు గారూ. మీకు ఆధారం లేనిదే మాట రాదుగా" అన్నాడు. అందరూ నవ్వారు.

నా దగ్గర ఆధారం ఉంది. చొక్కా జేబులో ఉంది. తీసి చదివాను. "మూడో పేరు వీడిదే. డాక్టరు రాత. అరవై ఆరు రోజులు" అన్నాను. నీ ఉత్తరంలో ఉన్నది యాభై రెండు. పద్నాలుగు నేను కలిపాను. ఆ పద్నాలుగు రోజుల్లో ఏం జరిగిందో ఎవర్నీ అడగకుండా కలిపాను. కొత్తగా చేరిన కుర్రాడు అలాంటి అంకె తెస్తే కాపీ వెనక్కి విసిరేవాణ్ని. ఫ్లెక్సీకి జయరావు ఇంకో తొమ్మిది కలిపాడు. జయరావు లిస్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు, చప్పట్లు కొట్టారు. పిల్లవాణ్ని కాపాడాననుకుని ఇంటికొచ్చాను. మీ పిన్నికి కూడా చెప్పాను.

ముప్పై ఒక్కేళ్లలో నాకు వార్త చెప్పిన ఏ ఒక్కరి పేరూ బయటపెట్టలేదు. ఒకసారి స్టేషన్లో ఆరు గంటలు కూర్చోబెట్టారు, అయినా చెప్పలేదు. ఈ పేరు చెప్పడానికి సమావేశం మొదలయ్యాక నలభై నిమిషాలు చాలాయి. ఎవరూ బెదిరించలేదు. వాదనలో గెలవడానికి చెప్పాను.

నీ మొదటి ఉత్తరం అందిన రోజే ఇది రాయాలి. ఎనిమిది రోజులు దాచాను. ఆ ఎనిమిది రోజులూ యేసుపాదం గేటు దగ్గర నిలబడ్డాడు. దీనికి సంజాయిషీ లేదు.

ఇంకొకటి. దించిన ఫ్లెక్సీని జయరావు పత్తి లోడు మీద కప్పించాడు. ఆ ట్రాక్టరు గుంటూరు దాకా వెళ్లొచ్చింది. "నేను బొమ్మ లోపలికే తిప్పి కప్పానండీ, గాలికి తిరగబడింది" అన్నాడు కోటి. నేను అడక్కముందే కొడవలి ఇచ్చాడు. మధ్య ముక్క కోసి పొయ్యిలో పెట్టాను. చివరనున్న నా ముఖం ఇంకా పత్తి మీదే ఉంది.

నువ్వు నన్ను "మీరు" అనడం ఇదే మొదటిసారి. తప్పని అనను.

బాబాయి


గుంటూరు,
18 నవంబరు

బాబాయికి,

నిన్ను మళ్లీ నువ్వు అంటున్నాను. క్షమించి కాదు. తప్పులో సగం నాది కాబట్టి.

అక్టోబరు ఉత్తరంలో పేరు రాయలేదని ధైర్యంగా ఉన్నాను. వయసు రాశాను, ఊరు రాశాను, ఆట రాశాను, వారం రాశాను. మహానగరంలో అయితే అవి నాలుగు వివరాలు. తొమ్మిది వందల గడప ఉన్న ఊళ్లో అవి పేరుతో సమానం. ఆ ఊళ్లో పుట్టిన నాకు ఆ సంగతి తెలియకపోవడం ఏమిటి? నాకు నచ్చిన మనిషికి నా సంతోషం చెప్పుకోవాలనుకున్నాను. ఆ సంతోషం నాది కాదు, వాడిది.

నిన్న ఉదయం యేసుపాదం గారికి తాళాలు తిరిగి ఇచ్చాను. అందరి ముందూ తప్పు నాదని చెప్పాను. పదమూడు రోజులు ఆయన గేటు దగ్గర నిలబడ్డారు. "ఇంట్లో ఏమన్నారండీ?" అని అడిగాను. "ఏం చేశావు, ఎందుకు బయటేశారు అని మా ఆవిడ రోజూ అడిగిందమ్మా. చెప్పలేదు. చెప్తే ఆ పిల్లగాడి సంగతి చెప్పాలి కదా" అన్నారు. అయిదో తరగతి దాకా చదివాడాయన. చట్టం నేను చదివాను.

నా మీద నేనే ట్రస్టు సూపరింటెండెంటు గారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. "ఇంట్లో రాసుకున్న ఉత్తరమేగా, దీన్ని ఇంత చెయ్యాలా?" అన్నారాయన. చెయ్యాలన్నాను.

కాలేజీ వాళ్ల సంగతి. గంజాయి తాగేవాడని తెలియనన్నాళ్లూ ఉంచుకున్నారు. మానేశాడని తెలిసిన రోజున పంపేశారు. నేను ఫోను చేసి అడగలేను. అడిగితే అతను మా పేషెంటని ఒప్పుకున్నట్టే. మా క్లినిక్ పేరు వాడుకున్నారని జయరావు మీద కేసు పెట్టినా అంతే. నా నోటికి తాళం ఉంది, ఉండాలి కూడా. నీ నోటికి లేదు. మొన్న విప్పిన నోరే మళ్లీ విప్పు. ఈసారి నీ గురించి మాత్రమే మాట్లాడు.

దీనితో ఒక కవరు పెట్టాను. అంటించి ఉంది. పైన పేరు లేదు, క్లినిక్ ముద్ర లేదు. ముందు వాళ్లమ్మను ఒంటరిగా కలిసి అడుగు. ఆమె వద్దంటే ఆమె ఎదురుగానే తగలబెట్టు. సరేనంటే ఒక్కడివే వెళ్లి ఇవ్వు. ఊరి ఆటో ఎక్కకు. ఏమీ అడగకు. వాడు చెప్పిందేదీ నాకు రాయకు, వాడు రాయమంటే తప్ప.

శ్రీరమ్య


(ఊరు రాయను)
22 నవంబరు

అమ్మాయ్,

ఈ ఉత్తరం పైన ఊరు పేరు ఎందుకు లేదో నీకు తెలుసు.

వాళ్లమ్మను ఆమె పత్తి చేలో కలిశాను. కూలీలు అవతలి సాలుకు పోయేదాకా ఆగాను. ఆమె మాట్లాడుతూనే పత్తి తీస్తోంది. "సోమవారం సోమవారం పెదకాకాని మొక్కు అని చెప్పి బస్సు ఎక్కేదాన్నండీ. అబద్ధమాడానని దేవుడు ఇట్లా చేశాడేమో" అంది. "దేవుడు కాదమ్మా, నేను చేశాను" అన్నాను. చెయ్యి ఆపి చూసింది. "అట్లాగా. అయితే మీరే తీసుకెళ్లండి కవరు. ఎండనపడి రెండు బస్సులు మారి పోవాలి. పోండి" అంది. ఈ మాటలు నీకు రాయొచ్చా అని అడిగాను. రాయమంది.

రెండు బస్సులు మారి వెళ్లాను.

ఆ పిల్లవాడు నన్ను చూసి మొదట అన్న మాట, "ఏం తాతా, ఈసారి ఎంత సైజు?"

నేను చేసింది చెప్పాను. తేదీ, టైము, నా జేబులో ఉన్న ఉత్తరం, నేను కలిపిన పద్నాలుగు రోజులు. డాక్టరు నీ పేరు రాయలేదు, నేను పట్టుకున్నాను అన్నాను. తర్వాత వాడు మాట్లాడాడు. నువ్వు చెప్పినట్టే నేను ఏమీ అడగలేదు.

వాడి గురించి ఈ ఉత్తరంలో మూడు సంగతులు రాశాను. పోస్టు చేసేముందు అక్కడే చదివి వినిపించాను. ఒకటి కొట్టెయ్యమన్నాడు, కొట్టేశాను. మిగిలినవి ఇవి. సైజు గురించి అడిగిన మాట ఉంచమన్నాడు. కవరు తీసుకున్నాడు, నా ఎదురుగా విప్పలేదు.

నిన్న జయరావును కలిశాను. "మంచి చేసినా తప్పేనా రిపోర్టరు గారూ? ఊరు మెచ్చుకుంటే పిల్లోడికి నామోషీ ఏంది?" అన్నాడు.

"నీకు షుగరు ఎంతుందో చెప్పు జయరావూ, తగ్గిన రోజున ఫ్లెక్సీ కట్టిద్దాం" అన్నాను.

"నా షుగరు సంగతి మీకెవరు చెప్పారు?" అన్నాడు, చుట్టూ చూసి. ఎవరూ చెప్పలేదు, టీలో పంచదార వద్దంటే జాన్ బాషా బంకులో అందరం విన్నాం. కానీ ఆ ఒక్క నిమిషం ఆయనకు సంగతి అర్థమైంది. ఆ నిమిషంలోనే, ఈ నెల 30న కమిటీ సమావేశంలో మొదటి అంశం నాకివ్వమని అడిగి ఒప్పించాను.

అక్కడ నేను చెప్పేవి ఇవి. నాకు సంబంధం లేని ఒక ఇంటి సంగతి తెలుసుకుని ఇక్కడ బయటపెట్టింది నేను. ఫ్లెక్సీ మీద వేసిన అంకెకు ఆధారం లేదు, అది నేనూ జయరావూ కలిపి తయారుచేసింది. ఆ అయిదు పేర్ల లిస్టును ఆ గదిలోనే చించాలి. నా రాజీనామా. పిల్లవాడి పేరు పలకను. ఇదే సంగతి సంతకం పెట్టి కాలేజీకి రాశాను. ప్రిన్సిపాలు తండ్రిని డిసెంబరు 1న రమ్మన్నాడట. వీరబాబు వెళ్తానన్నాడు.

చెంచురామయ్య నిన్న బంకు దగ్గర నన్ను ఆపాడు. "ఏరా ఆంజనేయులూ, అందరి ముందూ చెప్తావంటగా. నేనూ వస్తా. ముందు వరసలో కూర్చుంటా. తడబడ్డావంటే అక్కడే అడుగుతా" అన్నాడు. రమ్మన్నాను.

బాబాయి


గుంటూరు,
26 నవంబరు

బాబాయికి,

ఉత్తరం అందింది. కొట్టేసిన వాక్యం మీద సిరా బాగా పూశావు. వెలుతురుకి పెట్టి చూడలేదు.

పిల్లలకు సోమవారం ఓపీ ఎత్తేశాం. ఎవరు ఏ వారం బస్సెక్కారో చూసి జబ్బు చెప్పగల ఊళ్లు మనవి. ఇకమీదట ఒక్కొక్కరికి ఒక్కో రోజు. గేటు దగ్గర టోకెన్లు లేవు. పక్క సందులోంచి బోర్డు లేని గుమ్మం ఉంది, అటు రావాలి. అది యేసుపాదం గారి సలహా. గేటు దగ్గర నిలబడ్డ పదమూడు రోజుల్లో, లోపలికి రాబోయి బోర్డు చూసి వెనక్కి తిరిగిన పిల్లల్ని ఆయన లెక్కపెట్టారట. పదకొండు మంది.

శనివారం, 29వ తేదీ ఉదయం పదకొండు గంటలకు నా మీద విచారణ. నువ్వు రావద్దు. ఆదివారం సాయంత్రం అయిదు గంటలకు నీ కమిటీ. సోమవారం వీరబాబు గారు కాలేజీకి వెళ్తారు.

ఆ వారంలోనే ఒక రోజు, ఉదయం తొమ్మిదిన్నరకు, పక్క గుమ్మం తలుపు యేసుపాదం గారు తీస్తారు. ఆ రోజు మొదట రావాల్సింది ఎవరో నాకు తెలుసు. నీకు రాయను. వచ్చారో రాలేదో అది కూడా రాయను.

శ్రీరమ్య